టెంటు హాలు నుంచి సెల్‌ఫోను దాకా: ఉదయగిరి, ఆత్మకూరు సీమలో దెయ్యాల సినిమా

తెలుగు సినిమా వ్యాపారంలో నెల్లూరు ఒక విడి ఏరియా. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అంటూ పంపిణీదారులు తెలుగు నేలను పంచుకున్నప్పుడు, వసూళ్ళలో చిన్నదైనా నెల్లూరు తన పేరుతోనే నిలిచింది. ఆ ఏరియాకు పడమటి అంచున, వెలిగొండల వారగా ఉన్నవి ఆత్మకూరు, ఉదయగిరి. ఆత్మకూరు నెల్లూరుకు సుమారు 55 కిలోమీటర్లు, ముంబయి రోడ్డు మీద ఉంది. ఉదయగిరి ఇంకా లోపలికి, దాదాపు 100 కిలోమీటర్ల దూరాన, 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం నీడలో ఉంది. మెట్ట నేల, వానల మీద ఆధారపడిన సేద్యం, బతుకుతెరువుకు వలసలు. ఇలాంటి చోటికి సినిమా ఆలస్యంగా చేరేది. ఇక్కడి జనం ఏ దెయ్యాల సినిమా చూశారన్నది వాళ్ళ ఇష్టం కంటే, ఆ సినిమాను మోసుకొచ్చిన సాధనం మీదే ఎక్కువగా ఆధారపడింది. మొదట రీళ్ళ పెట్టె, తర్వాత వీడియో క్యాసెట్, ఆపైన కేబుల్ తీగ, ఇప్పుడు ఫోను డేటా. ఈ నాలుగూ మారినప్పుడల్లా భయపడే తీరు కూడా మారింది.

భయాన్ని వినోదంగా చూడటం సినిమాతో మొదలైంది కాదు. కోతలయ్యాక ఊరి బయట తెర కట్టి తెల్లవార్లూ ఆడే తోలుబొమ్మలాటలో మైరావణుడి కథ వచ్చినప్పుడు, దీపం వెనక రాక్షసుల నీడలు మనిషెత్తున లేచేవి. పిల్లలు తల్లుల ఒళ్ళో ముఖం దాచుకుంటే, కేతిగాడూ బంగారక్కా వచ్చి నవ్వించి ఆ భయాన్ని దించేవారు. భయం తర్వాత నవ్వు అన్న ఈ వరస తెలుగు ప్రేక్షకుడికి ఎంత పాతదో తెలిస్తే, 2010 తర్వాత హారర్ కామెడీలు అంతగా ఎందుకు ఆడాయో వేరే కారణం వెతకనక్కర్లేదు. బుర్రకథల్లో, జముకుల కథల్లో బాలనాగమ్మను ఎత్తుకెళ్ళే మాయల మరాఠీ ఇంకో భయం. 1942లో జెమినీ సంస్థ ఆ కథను సినిమాగా తీసింది. కాంచనమాల బాలనాగమ్మగా, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీగా నటించిన ఆ చిత్రం విపరీతంగా ఆడింది. 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’లో ఎస్.వి.రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడు ఆ మరాఠీకి వారసుడే. దెయ్యం ఇంకా తెర మీదికి రాలేదు గానీ దెయ్యాన్ని ఆడించగల మాంత్రికుడు వచ్చేశాడు.

ఈ ప్రాంతానికి మరో ప్రత్యేకత ఉంది. ఆత్మకూరుకు దగ్గర్లోనే అనుమసముద్రంపేట ఉంది. జనం నోట ఏఎస్ పేట. 18వ శతాబ్దపు సూఫీ గురువు ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ దర్గా అక్కడ ఉంది. గాలి సోకిందని, చేతబడి జరిగిందని నమ్మేవారు హిందూ ముస్లిం తేడా లేకుండా, దూరపు జిల్లాల నుంచీ పక్క రాష్ట్రాల నుంచీ తమవాళ్ళను తీసుకొచ్చి రోజుల తరబడి అక్కడ ఉంచుతారు. వాళ్ళలో మనోవ్యాధితో బాధపడేవారు ఎందరో ఉంటారు. మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించిందన్న సంగతి ఇలాంటి చోట్ల అందరికీ తెలియాలి. దెయ్యం పూనడం అన్నది ఇక్కడి జనానికి కేవలం కథ కాదు. బస్సులో పక్క సీటులో కనిపించే మనిషి కష్టం. అందుకే ఇక్కడ దెయ్యాల సినిమాను పట్నంలో చూసినంత తేలిగ్గా చూడలేదు.

సినిమా మొదట టెంటుల్లో వచ్చింది. 1955 నాటి సినిమాల క్రమబద్ధీకరణ చట్టం కింద టూరింగ్ టాకీసులకు పరిమిత కాలానికే లైసెన్సు దొరికేది. గడువు తీరాక డేరా విప్పి మరో ఊరికి వెళ్ళేవారు. పగలు డేరాలోకి వెలుతురు వచ్చేస్తుంది కాబట్టి ఆటలు రాత్రిపూటే. మొదటాట, రెండో ఆట. నేల, బెంచీ, కుర్చీ తరగతులు. ఆడవాళ్ళకు వేరే వైపు. సాధారణంగా ఒకటే ప్రొజెక్టర్ ఉండేది, అందుకని రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. భయపెట్టే సినిమాకు ఇది పెద్ద దెబ్బ. ఉత్కంఠ పెరిగే సమయానికి దీపాలు వెలిగి, సోడాలు, వేరుశనక్కాయలు అమ్మేవాళ్ళ కేకలు మొదలయ్యేవి. ఆ లోటును ఇంటిదారి తీర్చేది. రెండో ఆట వదిలేసరికి అర్ధరాత్రి దాటేది. పొరుగూళ్ళ జనం చేల గట్ల మీదుగా, శ్మశానం పక్కగా గుంపులు గుంపులుగా నడిచి వెళ్ళాలి. సినిమా సగం డేరాలో, సగం ఆ దారిలో.

అప్పటికి తెలుగులో అసలైన దెయ్యాల సినిమాలు చాలా తక్కువ. తెల్ల చీరతో, పాడుబడ్డ బంగళాతో, పొగమంచులో వినిపించే పాటతో సాగే పద్ధతి హిందీ నుంచి వచ్చింది. 1949లో ‘మహల్’, 1962లో ‘బీస్ సాల్ బాద్’, 1964లో ‘వో కౌన్ థీ’ ఆ దారి వేశాయి. ‘వో కౌన్ థీ’ని తెలుగులో 1966లో ‘ఆమె ఎవరు?’ పేరుతో జగ్గయ్య, జయలలితలతో తీశారు. ఈ కథల్లో దెయ్యం చివరికి దెయ్యం కాదు. ఎవరో మనిషి ఆడిన నాటకమే. పదేళ్ళకు పైగా మన తెర మీద దెయ్యానికి ఇదే గతి. నిర్మాతలకు దెయ్యాన్ని నిజమని చెప్పే ధైర్యం లేకపోయింది.

ఆ ధైర్యం సినిమాకు కాదు, వారపత్రికకు వచ్చింది. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ రాసిన ‘తులసిదళం’ తెలుగు ఇళ్ళలో రాత్రులు దీపాలు ఆర్పనివ్వలేదు. తులసి అనే చిన్నపిల్ల మీద కాష్మోరా ప్రయోగం, దాన్ని ఆపాలని ఒకవైపు వైద్యులు, మరోవైపు మంత్రం తెలిసినవాళ్ళు చేసే ప్రయత్నం ఆ కథ. మూఢనమ్మకాలను పెంచుతోందని హేతువాదులు తీవ్రంగా విమర్శించారు. ఆ విమర్శలో న్యాయం ఉంది; క్షుద్రశక్తి నిజమేనేమో అన్న అనుమానాన్ని నవల పాఠకుడికి వదిలేసింది. అయితే సినిమా హాలు లేని ఊరికి కూడా, బస్సు వెళ్ళగలిగితే చాలు, పత్రిక చేరేది. ఒకరు కొన్న సంచిక పది ఇళ్ళు తిరిగేది. ‘తులసిదళం’ కొనసాగింపుగా వచ్చిన ‘తులసి’ నవల ఆధారంగా 1986లో ‘కాష్మోరా’ సినిమా వచ్చింది. రాజేంద్రప్రసాద్, రాజశేఖర్, భానుప్రియ నటించారు. చదివినప్పటి భయాన్ని తెర అందుకోలేకపోయింది. పాఠకుడు తన ఊరి పొలిమేరను, తన ఇంటి పెరటిని ఊహించుకుని చదివిన కథకు ఏ సెట్టూ సాటి రాదు.

1982 ఆసియా క్రీడలతో రంగుల టీవీ దేశంలో అడుగుపెట్టింది. ఆ దశాబ్దంలోనే వీడియో క్యాసెట్లు వచ్చాయి. పడమటి నెల్లూరు నుంచి, పక్కనే ఉన్న కడప జిల్లా నుంచి కువైట్ వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు తెచ్చే సామానులో టేప్‌రికార్డరూ వీడియో డెక్కూ ఉండేవి. డెక్కు లేని ఊళ్ళో పండక్కో పెళ్ళికో టీవీ, డెక్కు, నాలుగు క్యాసెట్లు కలిపి అద్దెకు తెచ్చి, వీధిలో పెట్టి తెల్లవార్లూ వేసేవారు. హాలుకు రాని సినిమాలు ఈ దారిలో పల్లెకు వచ్చాయి. రామ్సే సోదరుల ‘పురానా మందిర్’ (1984), ‘వీరానా’ (1988), అమెరికాలో 1981లో వచ్చిన ‘ఈవిల్ డెడ్’ వాటిలో కొన్ని. హిందీ, ఇంగ్లీషు రాకపోయినా అడ్డు కాలేదు. తలుపు కిర్రుమనడానికీ, చీకట్లో చేయి బయటికి రావడానికీ అనువాదం అక్కర్లేదు. మరో మార్పు కూడా జరిగింది. హాలు గేటు దగ్గర ‘ఏ’ సర్టిఫికెట్ సినిమాకు పిల్లలను ఆపే మనిషి ఒకడు ఉండేవాడు, పని ఎంత సరిగ్గా చేశాడన్నది వేరే సంగతి. వీధి మధ్య పెట్టిన టీవీకి గేటు లేదు.

తెలుగు దెయ్యాన్ని దెయ్యంగానే చూపించిన దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ. 1992లో రేవతి ముఖ్యపాత్రగా, హిందీలో ‘రాత్’గా, తెలుగులో ‘రాత్రి’గా తీసిన సినిమాలో పాడుబడ్డ బంగళా లేదు, మామూలు మధ్యతరగతి ఇల్లు, మామూలు కుటుంబం. కెమెరా కదలికతో, శబ్దంతో భయపెట్టారు. 1996లో జె.డి.చక్రవర్తి, మహేశ్వరి, జయసుధలతో ‘దెయ్యం’ తీశారు. ఈ రెంటికీ ప్రాణం శబ్దమే. మంచి సౌండు ఉన్న పట్నం హాల్లో చూసినవాడికీ, ఒకే స్పీకరు గరగరలాడే చిన్న ఊరి హాల్లో చూసినవాడికీ దక్కింది ఒకే సినిమా కాదు. వాటి మధ్య 1995లో కోడి రామకృష్ణ ‘అమ్మోరు’ వచ్చింది. అది దెయ్యం కథ కాదు, గ్రామదేవత కథ. కానీ పోలేరమ్మ పేరు చెబితే చేతులు జోడించే నెల్లూరు జిల్లాకు ‘రాత్రి’ కంటే ‘అమ్మోరు’ దగ్గరి చుట్టం. దుష్టశక్తి ఎంత గట్టిదైతే అమ్మవారు అంత ఉగ్రంగా వస్తుందన్న ఆ సూత్రమే పద్నాలుగేళ్ళ తర్వాత అదే దర్శకుడికి మరో విజయం తెచ్చింది.

కేబుల్ టీవీ వచ్చాక భయం నడింటికి చేరింది. 1995లో మొదలైన ఈటీవీలో ఆ దశాబ్దం చివర అచ్యుత్, యమున నటించిన ‘అన్వేషిత’ ధారావాహిక వచ్చే సమయానికి వీధులు ఖాళీ అయ్యేవని ఆ తరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. హాలుకు వెళ్ళని ముసలివాళ్ళు, ఆడవాళ్ళు ఈ కథలకు మొదటిసారి నిలకడైన ప్రేక్షకులయ్యారు. ఆ ప్రేక్షకులే తర్వాత ‘చంద్రముఖి’ని, ‘అరుంధతి’ని గెలిపించారు.

‘చంద్రముఖి’ 2005 ఏప్రిల్‌లో వచ్చింది. దాని మూలం 1993 నాటి మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళు’. అందులో దెయ్యం లేదు. తనను తాను చనిపోయిన నర్తకిగా భావించుకునే ఒక ఇల్లాలి మనోవ్యాధి ఉంది, దాన్ని గుర్తించే మానసిక వైద్యుడు ఉన్నాడు. అయితే వైద్యుడు చికిత్సకు ఎంచుకున్న పద్ధతి భూతవైద్యుడి తంతే. రోగి నమ్మకంలోంచే ఆమెను బయటికి లాగుతాడు. ఏఎస్ పేటకు పక్కనున్న ఊళ్ళలో ఈ కథకు ఉన్న బరువు వేరు. పూనకం వచ్చిన మనిషికి డాక్టర్ అవసరమని కోట్లమంది చూసిన ఒక రజనీకాంత్ సినిమా చెప్పింది. ఏ ప్రభుత్వ ప్రచారమూ అంతమందికి ఆ మాట చేర్చలేదు. కథ చివర దాన్ని మంత్రతంత్రాల వాతావరణంతో కప్పేయడం వల్ల ఆ మాట కొంత పలచబడింది, నిజమే. అయినా దాని మేలు దానిదే.

కోడి రామకృష్ణ ‘అరుంధతి’ 2009 సంక్రాంతికి వచ్చింది. గద్వాల సంస్థానం నేపథ్యం, బనగానపల్లె బంగళాలో చిత్రీకరణ, అనుష్క నటన, సోనూసూద్ పశుపతికి రవిశంకర్ చెప్పిన గొంతు అన్నీ కలిసి ఆ సినిమాను ఇంటింటి మాటగా చేశాయి. అప్పటికే శాటిలైట్ ద్వారా డిజిటల్ ప్రొజెక్షన్ చిన్న ఊళ్ళకు వస్తోంది. రీళ్ళ రోజుల్లో ప్రింట్లు తక్కువ, ఖరీదు ఎక్కువ. పట్నంలో ఆడి, మధ్యస్థ ఊళ్ళలో ఆడి, గీతలు పడ్డాక పెట్టె చివరి సెంటరుకు వచ్చేది. ఈలోగా కథంతా ఊళ్ళో తెలిసిపోయేది. దెయ్యం ఎవరో ముందే తెలిసిన సినిమాలో భయం ఏముంటుంది? డిజిటల్ వచ్చాక ఆ వెనకబాటు తీరి, నెల్లూరులో పడిన రోజే లోపలి ఊళ్ళలోనూ ఆట పడటం సాధ్యమైంది. సస్పెన్సు మీద నడిచే సినిమాలకు ఇది మిగతా వాటికంటే ఎక్కువ మేలు చేసింది.

ఆ తర్వాత పదేళ్ళు తక్కువ ఖర్చు దెయ్యాలవి. రవిబాబు ‘అవును’ (2012) ఒక్క ఇంట్లో, కొద్దిమంది నటులతో భయపెట్టింది. లారెన్స్ ‘కాంచన’ (2011), ‘ప్రేమకథా చిత్రమ్’ (2013), ‘గీతాంజలి’ (2014), ‘రాజుగారి గది’ (2015), ‘ఆనందో బ్రహ్మ’ (2017) నవ్వునూ భయాన్నీ కలిపి పెట్టుబడికి మించి రాబట్టాయి. మంచివి నాలుగైదు తప్ప, ఆ వరసలో వచ్చిన మిగతా వాటిని ఈ రోజు ఎవరూ వెతికి చూడటం లేదు.

2016 సెప్టెంబరు 5న జియో మొదలైంది. అంతకుముందు ఒక జీబీ డేటాకు సుమారు 250 రూపాయలు పెట్టిన జనం, దానిని రోజువారీ ఖర్చుగా చూసే స్థితికి వచ్చారు. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్‌ను రాష్ట్రపతి ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోను కలిపి ఇస్తామన్నది దాని మాట. 2020లో కరోనా హాళ్ళను మూసింది. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం టికెట్ ధరలను తగ్గిస్తూ 35వ నంబరు జీవో ఇచ్చింది. ఉదయగిరి వంటి గ్రామపంచాయతీల్లో ఏసీ లేని హాలుకు కింది తరగతి ధర 5 రూపాయలు! ఆ ఏడాది డిసెంబరులో రాష్ట్రమంతటా చాలా హాళ్ళు మూతపడ్డాయి. 2022 మార్చి 7న కొత్త జీవోతో ధరలు కనీసం 20 రూపాయలకు పెరిగే నాటికి, జనానికి ఇంట్లో చూసే అలవాటు స్థిరపడిపోయింది.

సరిగ్గా ఆ 2021 డిసెంబరులోనే ‘మా ఊరి పొలిమేర’ హాలుకు రాకుండా నేరుగా హాట్‌స్టార్‌లో విడుదలైంది. అనిల్ విశ్వనాథ్ దర్శకత్వం, సత్యం రాజేష్ ముఖ్యపాత్ర, చేతబడి చుట్టూ తిరిగే పల్లె కథ. ఫోన్లలో చూసిన జనం ఇచ్చిన పేరుతోనే 2023 నవంబరులో రెండో భాగం హాళ్ళకు వచ్చి డబ్బు చేసుకుంది. సినిమా హాలు నుంచి ఇంటికి రావడం పాత వరస. ఇక్కడ అది తిరగబడింది.

ఈనాడు భయం సినిమా కోసం చందా కట్టాలనుకునే ఇంటికి వేదికలన్నీ ఒక్కటి కావు. తెలుగు నేల మీద పుట్టిన కథలకు ‘ఆహా’ది పైచేయి. 2020 ఉగాదికి, ఏడాదికి 365 రూపాయల చందాతో మొదలైన ఈ వేదికలో ‘అన్యాస్ ట్యుటోరియల్’ (2022), ‘మసూద’, ‘పొలిమేర 2’ వచ్చాయి. వీటిలో ‘మసూద’ను విడిగా చెప్పుకోవాలి. కూతురికి పూనిన ఆత్మను వదిలించడానికి ఒక తల్లి, పక్కింటి పిరికి కుర్రాడు ఒక పీరు దగ్గరికి వెళ్ళడం అందులో కథ. ఆ పీరు పాత్రను శుభలేఖ సుధాకర్ వేశారు. మతం తేడా లేకుండా పీరును ఆశ్రయించడం ఆత్మకూరు ప్రాంతానికి వింత కాదు. ఆ మామూలుతనాన్ని ఎగతాళి గానీ ఉపన్యాసం గానీ లేకుండా చూపించిన తెలుగు సినిమా మరొకటి కనపడదు.

నెట్‌ఫ్లిక్స్‌లో తెలుగు హారర్ తక్కువ, ఉన్నది గట్టిది. సాయిధరమ్ తేజ్ ‘విరూపాక్ష’ 2023 మేలో అక్కడికి వచ్చింది. చేతబడి నెపంతో ఒక జంటను ఊరు తగలబెట్టడంతో ఆ కథ మొదలవుతుంది. భయం దెయ్యం నుంచి కాక గుంపు నుంచి వస్తుంది. విదేశీ భయానక చిత్రాల నిల్వ ఇక్కడ పెద్దదే గానీ అన్నిటికీ తెలుగు మాటలు లేవు. 2021 డిసెంబరు నుంచి ఫోనుకు మాత్రమే పరిమితమైన చందా నెలకు 149 రూపాయలు. ప్రైమ్ వీడియోలో భాషల రకం ఎక్కువ. విక్రమ్ కుమార్ తీసిన ‘దూత’ (2023) తెలుగులో పెద్ద స్థాయిలో వచ్చిన అతీంద్రియ ధారావాహిక. 2025 జూన్ నుంచి అక్కడ ప్రకటనలు మొదలయ్యాయి, ఉత్కంఠ మధ్యలో ప్రకటన రావడం టెంటు హాల్లో రీలు మార్చినంత చికాకే. జియోహాట్‌స్టార్ 2025 ఫిబ్రవరి 14న రెండు వేదికల కలయికతో ఏర్పడింది. ‘పొలిమేర’ మొదటి భాగం, ‘మంగళవారం’ వచ్చింది హాట్‌స్టార్‌లోనే. మమ్ముట్టి నలుపు తెలుపు చిత్రం ‘భ్రమయుగం’ కోసం సోనీ లివ్‌కు వెళ్ళాలి. ఈ దశాబ్దంలో దక్షిణాదిలో వచ్చిన భయం సినిమాల్లో అది అగ్రశ్రేణిది. పాత తెలుగు సినిమాలకు, అరవ మలయాళ డబ్బింగులకు యూట్యూబే పెద్ద దిక్కు. హక్కుదారులు పెట్టిన చాలా చిత్రాలు ఉచితం.

హారర్‌కు మాత్రమే పరిమితమైన ‘షడర్’ వంటి వేదిక 2015లోనే అమెరికాలో వచ్చింది. తెలుగుకు అలాంటిది లేదు. ఇక్కడి వేదికల్లో ‘హారర్’ అని వెతికితే హత్యల కథలు, నవ్వుల దెయ్యాలు, దేవతల సినిమాలు ఒకే కుప్పలో వస్తాయి. పైగా హక్కుల గడువు తీరితే సినిమా ఒక చోటి నుంచి మరో చోటికి మారుతుంది, ఒక్కోసారి ఎక్కడా దొరకదు. ‘రాత్రి’, ‘కాష్మోరా’ వంటివి తెలుగు భయానక చిత్రాల చరిత్రలో మైలురాళ్ళు. వాటిని శుభ్రమైన ప్రతులుగా, ఒక వరసలో అందించే బాధ్యతను ఏదో ఒక తెలుగు వేదిక తీసుకోవాలి.

సిగ్నల్ పలచబడే కొండవారల్లో ఇంకో చిక్కు ఉంది. నెట్ వేగం తగ్గినప్పుడు వేదిక బొమ్మ నాణ్యతను తగ్గిస్తుంది. పగటి దృశ్యాల్లో అది అంతగా తెలియదు, చీకటి దృశ్యాల్లో మాత్రం నలుపు ముక్కలు ముక్కలుగా విడిపోయి, మూలన నిలబడ్డ ఆకారం కనపడదు. దెయ్యాల సినిమాలో సగం చీకటే. సిగ్నల్ బాగున్న చోట ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూస్తే బొమ్మ, శబ్దం రెండూ దక్కుతాయి.

2021 ఫిబ్రవరి 25 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ప్రతి వేదికా కథలకు వయసు గుర్తు వేయాలి, 13 ఏళ్ళు పైబడినవారి గుర్తు నుంచి తల్లిదండ్రుల తాళం ఇవ్వాలి. పిల్లల చేతికి ఫోను ఇచ్చే ఇల్లు ఆ పిన్ నంబరు తప్పక పెట్టుకోవాలి. ఇక చందా సంగతి. ఒక్కటే కట్టగలిగితే, తెలుగు కథలే కావాలనుకునేవారికి ‘ఆహా’ చాలు; నాలుగు భాషల భయం కావాలంటే ప్రైమ్ మేలు. ఏడాది చందాలు రెండు మూడు కట్టేకన్నా, చూడదలచిన సినిమా ఎక్కడుందో ఆ నెలకే కట్టి మానేయడం ఖర్చు తక్కువ పద్ధతి.